తలుపు మూయని పూటకూళ్ళ యిల్లు



తెలియని యూరిలో అర్ధరాత్రము దాటిన పిమ్మట ఆకలిగొన్న వానికి, దీపము వెలుగుచున్న వంటశాల తలుపు కనబడుటకంటె వేరు భాగ్యము లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో రాజమార్గముల ప్రక్కను పగలనక రేయనక తెరచియుండు చిన్న భోజనశాలలు గలవు. వానిని అచ్చటివారు డైనర్లందురు. వాని చరిత్రను సంగ్రహముగా మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము. ఇది తిండిని గూర్చిన ముచ్చటగా మొదలిడినను, మెల్లగా తలుపును గూర్చిన ముచ్చటగా మారును. ఏల మారునో మీరే గ్రహింపగలరు.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక చలికాలపు రాత్రి న్యూజెర్సీ రాష్ట్రములో బస్సు ప్రయాణము చేయుచుంటిని. మంచు కురియుచుండుటచే బండి నెమ్మదిగా పోవుచుండెను. రాత్రి రెండు గంటలకు బస్సు తోలువాడు ఒక డైనరు ముందు బండి నిలిపెను. లోపలి గది రైలుపెట్టెవలె పొడవుగను ఇరుకుగను ఉండెను. ఈ కొననుండి ఆ కొనదాక ఒక ఎత్తైన బల్ల. దాని కీవల నేలకు బిగించిన గుండ్రని తిరుగుడు పీటలు. ఆవల వెడల్పైన ఇనుప పెనము. వంటవాడు మన కన్నుల యెదుటనే గ్రుడ్లు కొట్టి పోయును, బంగాళాదుంపల తురుము ఎఱ్ఱగా వేచును, రొట్టెముక్కలు కాల్చి వెన్న పూయును. ప్రొద్దుటి ఫలాహారము అర్ధరాత్రమునను, రాత్రి భోజనము తెల్లవారుజామునను దొరకుట అచ్చటి ధర్మము. నేను కూర్చుండీ కూర్చుండకముందే పెద్దవయసు పరిచారిక యొకతె మందమైన పింగాణి కప్పులో కాఫీ పోసెను. కప్పు సగము కాగానే మరల నింపెను. రెండవసారి పోసినదానికి వేరుగ వెల లేదు. నా కుడిప్రక్క లారీ తోలువాడొకడు. ఎడమప్రక్క ఆసుపత్రిలో పని ముగించుకొని వచ్చిన నర్సొకతె. మేము ముగ్గురమును పెనమువైపు చూచుచు తింటిమి. నీవెవరవు, ఏ దేశమువాడవు, ఏ జాతివాడవు అని నన్నెవరు నడుగలేదు.

ఆ రాత్రి నేను దానిని సహజమే యని తలచితిని. పిమ్మట చరిత్ర చదివినమీదట, అది సహజముగా వచ్చినది కాదనియు, పోరాడి సంపాదించుకొన్నదనియు తెలిసికొంటిని.

వెల పుచ్చుకొని బాటసారికి అన్నము పెట్టుట మనకు క్రొత్తగాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూళ్ళ యింటి ప్రశంస గలదు. సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, చక్కెర, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇంతయు నొక రూకకు దొరకెడిదట! కాని మన పూటకూళ్ళ యిల్లు తన పేరులోనే పూటను పెట్టుకొన్నది. పొయ్యి ఆరిన పిమ్మట వచ్చినవాడు మరుసటి పూటదాక కడుపు పట్టుకొని కూర్చుండవలసినదే. డైనరుకు పూట లేదు. పూట లేని యీ భోజనశాల ఎట్లు పుట్టినదో చూతము.

అమెరికా ఈశాన్యభాగమున రోడ్ ఐలండ్ అను చిన్న రాష్ట్రము గలదు. దాని రాజధాని ప్రావిడెన్స్ నగరము. 1872లో ఆ నగరమున వాల్టర్ స్కాట్ అను నతడొకడుండెను. పేరు విని నవలాకర్తయైన స్కాటు దొర యని భ్రమపడకుడు. ఇతడు అచ్చుకూటములో పనిచేసినవాడు. ఇతడు గుఱ్ఱమును కట్టిన బండిలో తినుబండారములు పెట్టుకొని, ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఒక వార్తాపత్రిక కార్యాలయము ముంగిట నిలిపెను. ఊరిలోని భోజనశాలలు రాత్రి ఎనిమిది గంటలకే మూతపడుచుండెను. కాని మరునాటి పత్రిక అచ్చుపడవలసినది రాత్రియందే గదా! అక్షరములు కూర్చువారును, యంత్రము త్రిప్పువారును, విలేకరులును ఆకలితో నుండెడివారు. ఆ యాకలి యెట్టిదో స్కాటు స్వయముగా నెరిగినవాడు. ఉడుకబెట్టిన గ్రుడ్డు, వెన్న పూసిన రొట్టె, శాండ్విచి, పండ్లు నింపి కాల్చిన పిండివంట, కాఫీ అతడు అమ్మెను. అయిదు సెంట్లు చేతనున్నవాడు ఆకలి తీర్చుకొనవచ్చును. అతడు బండిలో నిలిచి కిటికీగుండ అందించును. కొనువారు వీధిలో నిలిచి తిందురు. వాన గానీ, మంచు గానీ కురిసినచో తడియుచునే తినవలెను.

ఈ యిబ్బందిని 1887లో మాసచూసెట్స్ రాష్ట్రములోని వూస్టర్ నగరమున శామ్యూల్ జోన్స్ అనువాడు తొలగించెను. కొనువారు లోపలికి వచ్చి నిలుచుటకు వీలైన పెద్ద బండిని అతడు సిద్ధపరచెను. 1891లో అదే నగరమువాడైన చార్లెస్ పామర్ ఇట్టి బండి నిర్మాణమునకు పేటెంటు పొందెను. మద్యపానమును మాన్పింపగోరిన సంఘములవారు సైతము న్యూయార్కులో ఇట్టి బండ్లను నడిపిరి. రాత్రివేళ సారాయి అంగడి తప్ప వేరు దిక్కులేని శ్రామికునకు వేడి కాఫీయు రొట్టెయు చూపినచో ఆవైపు పోడని వారి యాశ.

బండి బండిగా నున్నంతకాలము తెల్లవారగనే వీధి విడిచి పోవలసినదని పురపాలక సంఘములు నిర్బంధించుచుండెను. పగలుకూడ అమ్ముకొనగోరినవారు వీధిప్రక్క ఖాళీస్థలములలో స్థిరపడిరి. గుఱ్ఱపు ట్రాములు పోయి విద్యుత్తు ట్రాములు రాగా, పాత ట్రాముపెట్టెలను కారుచౌకగా కొని భోజనశాలలుగా మార్చినవారును గలరు. 1906లో వూస్టరు నగరమున వీనిని తయారుచేయుటకే ఒక కంపెనీ వెలసెను. 1913లో న్యూజెర్సీలో జెర్రీ ఓమహోనీ అను నతడు అదే పనికి పూనుకొనెను. ఇల్లు కట్టి చూడుమని మనవారు బెదిరింతురు. అచ్చట ఇల్లు కర్మాగారములోనే తయారై, పొయ్యితోను పీటలతోను సహా రైలుమీదనో బాటమీదనో వచ్చి దిగును. ఆ దారులలో పట్టవలసి యుండుటచేతనే దానికి రైలుపెట్టె యాకారము వచ్చినది. రైలులోని భోజనపు పెట్టెకు గల పేరే 1920 తరువాతి కాలమున కుదించుకొని డైనరైనది.

మొదట ఇది మగవారి స్థలము. బల్లముందు ఎత్తుపీటలపై వరుసగా కూర్చుండి తినుట స్త్రీలకు తగదని ఆనాటివారి యభిప్రాయము. 1920 తరువాత యజమానులు గోడప్రక్కను బల్లలు వేసి, స్త్రీలకును స్వాగతమని పలకలు కట్టిరి. కర్మాగారములు మూడు విడతలుగా పనిచేయ నారంభించుటయు, లారీలు రాత్రింబవళ్ళు బాటలపై తిరుగుటయు డైనరునకు మూడు కాలములయందును గిరాకీ తెచ్చెను. రాత్రి పోలీసువాడు, పాలు పంచువాడు, నర్సు, నిద్రపట్టనివాడు, అందరును ఆ దీపము క్రిందికే చేరిరి. ప్రజాస్వామ్యమునకు డైనరు బల్లయే నిదర్శనమని కొందరు కొనియాడిరి.

1942లో ఎడ్వర్డ్ హాపర్ అను చిత్రకారుడు రాత్రివేళ తెరచియున్న యిట్టి భోజనశాల నొకదానిని చిత్రించెను. షికాగో నగరపు చిత్రశాలలో నున్న ఆ పటము జగత్ప్రసిద్ధము. పెద్ద అద్దము వెనుక దీపపు వెలుగులో ముగ్గురు గిరాకులు, ఒక పరిచారకుడు కనబడుదురు. వీధి నిర్మానుష్యము. కాని వీధినుండి లోపలికి పోవు తలుపు మాత్రము ఆ పటములో ఎచ్చటను కనబడదు. చిత్రకారుని భావమేదైనను, ఆనాడు లక్షలాది అమెరికా ప్రజలకు డైనర్లు సరిగా నట్లే యుండెను: వెలుగు కనబడును, తలుపు కనబడదు.

నల్లజాతివారి మాట చెప్పుచున్నాను. దక్షిణ రాష్ట్రములలో వారిని తెల్లవారి బల్లయొద్ద కూర్చుండనీయరు; ఉత్తరమునను అనేక స్థలములలో ఏదో నెపమున పంపివేయుదురు. కారు కొనుక్కొన్న నల్లజాతివానికి పెట్రోలుకంటె అన్నమును గూర్చియే చింత యెక్కువ. న్యూయార్కులోని హార్లెమ్ వాసియు తపాలా ఉద్యోగియు నగు విక్టర్ గ్రీన్ అను నతడు 1936లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. నల్లజాతి బాటసారికి ఏ యూరిలో అన్నము దొరకును, ఎచ్చట పడక దొరకును అనునదే అందలి విషయము. ఇరువది నాలుగు గంటలు తెరచియున్న భోజనశాలలు గల దేశములో, తనకు తెరచియున్న దేదియో తెలిసికొనుటకు ఒక పుస్తకము కొనవలసివచ్చెను! ఆ గ్రంథము ముప్పది సంవత్సరములు వెలువడుచుండెను.

1961లో ఈ సంగతి లోకమున కంతకును తెలిసెను. ఆఫ్రికాలో క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన దేశముల రాయబారులు న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితికిని వాషింగ్టనునకును నడుమ కారులలో తిరుగుచుండిరి. దారిలో మేరీలండు రాష్ట్రమున 40వ నంబరు రాజమార్గముపైని డైనర్లు వారికి కాఫీయైన నీయ నిరాకరించెను. ఛాద్ దేశపు రాయబారి ఆడమ్ మాలిక్ సో రాష్ట్రపతియగు కెనడీకి అధికారపత్రములు సమర్పింప పోవుచు ఇట్టి యవమానమును పొందెను. ఆ వేసవిలోనే బాల్టిమోరులోని నల్లజాతి పత్రికకు చెందిన విలేకరులు ముగ్గురు ఒక వేడుక చేసిరి. ప్రపంచపటములో లేని గోబన్ అను దేశపు ప్రతినిధులమని చెప్పుకొని, ఆఫ్రికా వేషములు ధరించి, అదే బాటపై భోజనమునకు పోయిరి. వేషము చూచి పలుచోట్ల బల్ల చూపిరి. అదే చర్మము, అదే ఆకలి! పరదేశపు రాజోద్యోగికి పెట్టిన అన్నము ఇరుగింటివానికి పెట్టకుండుటలోని హాస్యమును దేశమంతయు గ్రహించెను. ఆ సంవత్సరాంతమునకు, పౌరహక్కుల సంఘమువారు పెద్దయెత్తున యాత్ర సాగింతుమని ప్రకటింపగా, ఆ బాటలోని భోజనశాలలు పెక్కు తమ నియమమును విడిచిపెట్టెను.

1964 జూలై 2వ తేదీన పౌరహక్కుల చట్టము వచ్చెను. భోజనశాలలలో జాతిభేదమును పాటింపరాదని అది శాసించెను. అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హామ్ నగరములోని ఒక కుటుంబపు భోజనశాలవారు దానిని సుప్రీంకోర్టుదాక ఎదిరించిరి. వారి యొద్ద పనివారిలో మూడింట రెండువంతులు నల్లజాతివారే. కాని నల్లజాతి గిరాకికి బల్ల లేదు. పొట్లము కట్టించుకొని పోవలెను. మాది ఊరి వ్యాపారము, కేంద్రమునకు సంబంధము లేదని వారి వాదము. వారు కొను ఆహారములో సుమారు 46 శాతము మాంసము ఇతర రాష్ట్రములనుండి వచ్చినదే కావున, ఆ వ్యాపారము దేశ వ్యాపారములో భాగమేయనియు, చట్టము చెల్లుననియు ఆ సంవత్సరము డిసెంబరులో న్యాయాధిపతులు ఏకగ్రీవముగా తీర్పుచెప్పిరి. మాంసము సరిహద్దు దాటి వచ్చినప్పుడు, మనుష్యుడు గడప దాటి రాకూడదా?

ఇంత విని మనము నవ్వుకొనుటకు వీలులేదు. 1955లో మన రాయబారి గగనవిహారి మెహతాగారిని టెక్సాసులోని హ్యూస్టను విమానాశ్రయ భోజనశాలలో వేరు గదికి పొమ్మనిరి. అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పుకొనెను. మన దేశమంతయు కోపించెను. ఆ కోపము న్యాయమే. కాని అదే 1955లో మన పార్లమెంటు అస్పృశ్యతా నేరముల చట్టమును చేయవలసివచ్చెనని మరువరాదు. భోజనశాలలలో ప్రవేశమునకు కులము అడ్డు రాకూడదని మన రాజ్యాంగపు 15వ అధికరణము 1950లోనే పలికెను. మన పట్టణములలోని కాఫీ హోటళ్ళలో కులమును బట్టి వేరు గదులుండిన కాలము చరిత్రలో నున్నది. చట్టము వచ్చిన ఎన్నో యేండ్లకును మన పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. తలుపు తెరచి గ్లాసు వేరుచేయుట, తలుపు మూయుటకంటె గొప్ప ధర్మమా?

నేడు డైనర్లు పూర్వమువలె లేవు. 1950 తరువాత పెద్ద పెద్ద రాజమార్గములు పడి, ఒకే మాదిరి వంట నొకే మాదిరి కట్టడములలో అమ్ము కంపెనీలు వ్యాపించెను. గ్రీసుదేశమునుండి వలసవచ్చిన కుటుంబములు న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతములలో పెక్కు డైనర్లను నిలిపినవి. 1978లో రోడ్ ఐలండులోని పాటకెట్ యూరి డైనరు నొకదానిని ప్రభుత్వమువారు చారిత్రక స్థలముల పట్టికలో చేర్చిరి. 2020లో కోవిడు వ్యాధి ప్రబలిన పిమ్మట, రాత్రులు తెరచియుండిన అనేక భోజనశాలలు ఆ యలవాటు మానుకొన్నవి. అది విచారకరమే. కాని దీపమార్పి నిద్రపోవు భోజనశాల మరునాడు మరల తెరువబడును. మనిషిని చూచి మూయు తలుపు ఎన్ని గంటలు తెరచియున్నను తెరచినట్లు కాదు.

ఆ మంచురాత్రి నేను నాలుగు డాలర్లకు లోపుగా కాఫీ త్రాగి, గ్రుడ్లకును రొట్టెకును మరికొంత చెల్లించి, పరిచారికకు బల్లపై కొంత ఉంచి బయటికి వచ్చితిని. ఆమె 'మరల రండు' అని అందరితో అన్నట్లే నాతోను అనెను. ఆ మాటకు వెల చెల్లించినవారు నాకంటె ముందు పెక్కుమంది గలరని నాకప్పుడు తెలియదు. నేడు తెలిసినది గనుక మీకు విన్నవించితిని. సెలవు.