యూనిక్స్ మాన్యువల్ పుట: ఒక వివరణ రూపం పుట్టుక

కంప్యూటర్ ఆదేశాలను వివరించే రచనకు స్థిరమైన రూపాన్నిచ్చిన గ్రంథాలలో 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన 'యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్' ముఖ్యమైనది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మరే హిల్‌లో, బెల్ లాబొరేటరీస్‌లో పనిచేస్తున్న కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీనిని రచించారు. పై అధికారి డగ్లస్ మెకిల్‌రాయ్ పట్టుబట్టి రాయించారు. తరువాతి కాలంలో ఆ వ్యవస్థను మాన్యువల్ కూర్పు సంఖ్యతోనే వ్యవహరించారు. 1979 నాటి 'ఏడవ కూర్పు' అంటే పుస్తకమూ అదే, వ్యవస్థా అదే. గ్రంథం పేరు యంత్రవ్యవస్థకు సంక్రమించిన సందర్భాలు అరుదు.

ప్రతి ఆదేశానికీ పేరు, ప్రయోగరూపం, వివరణ, సంబంధిత ఫైళ్లు, చూడదగిన ఇతర పుటలు, లోపాలు, చివర యజమాని అనే శీర్షికలుంటాయి. ప్రయోగరూపంలో యథాతథంగా టైపు చేయవలసిన మాటల కింద గీత గీశారు. చదరపు కుండలీకరణంలో ఉన్నది ఐచ్ఛికం. మూడు చుక్కలుంటే ముందున్నది మళ్లీ రావచ్చు. బాలవ్యాకరణం చదివినవారికి ఈ పద్ధతి పరాయిగా తోచదు. ఒక పంక్తిలో విధి, దాని కింద వృత్తి. అయితే చిన్నయసూరి వృత్తి వెన్నంటే ఉదాహరణలు ఇస్తాడు. తొలి మాన్యువల్‌లో అవి బహు స్వల్పం. విషయం ముందే తెలిసిన సహోద్యోగిని ఉద్దేశించిన క్లుప్తత అది. సంస్థ పేటెంట్ విభాగంలోని టైపిస్టులు కూడా ఆ రోజుల్లోనే యూనిక్స్ వాడారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ క్లుప్తతను పూర్తిగా సమర్థించడం కష్టం.

'లోపాలు' శీర్షిక విశేషంగా పరిశీలించదగినది. తెలిసిన లోపాలను, కొన్నిచోట్ల కొరతలను అక్కడ చెబుతామని, అప్పుడప్పుడు సవరణ మార్గమూ సూచిస్తామని రచయితలు తొలి కూర్పు పీఠికలోనే ప్రకటించారు. విక్రయానికి ఉద్దేశించిన వస్తువుతో ఇచ్చే పుస్తకంలో ఇటువంటి శీర్షికను ఆశించలేం. అప్పటికి యూనిక్స్ సంస్థ లోపలి సాధనం మాత్రమే. కొత్త కూర్పు సిద్ధమయ్యే ప్రతిసారీ, వికారంగా ఉన్న అంశాలను అచ్చులో పెట్టడానికి మనసొప్పక ప్రోగ్రాములనే సవరించేవారని మెకిల్‌రాయ్ తరువాత గుర్తుచేసుకున్నారు. వివరించడానికి వీలుకాని లక్షణాన్ని తొలగించడమో, వివరణకు అనువుగా మార్చడమో జరిగేది. వివరణ రచన ఈ విధంగా ప్రోగ్రాముకు పరీక్షగా పనిచేసింది.

కొత్త పాఠకుడి అవసరం క్రమంగా గుర్తింపునకు వచ్చింది. 1973 నాటి మూడవ కూర్పు పీఠికలో రిచీ ప్రారంభకులకు మార్గదర్శకమైన భాగాన్ని చేర్చారు. ఏడవ కూర్పు రెండవ సంపుటంలో బోధనాత్మక వ్యాసాలకు చోటు దక్కింది. 1980లలో గ్నూ ప్రాజెక్టు టెక్స్‌ఇన్‌ఫో ద్వారా, అధ్యాయాలుగా సాగే పాఠ్యపుస్తక శైలిని ప్రధానంగా ఎంచుకొని మాన్యువల్ పుటకు గౌణస్థానమిచ్చింది. అయినా పుట నిలిచింది. నేటి లైనక్స్ పుటలలోనూ 'లోపాలు' శీర్షిక కనిపిస్తుంది. 'యజమాని' మాత్రం ఏడవ కూర్పు నాటికే లేదు. ఆదేశం ఎవరి బాధ్యతలో ఉందో ఆ పుట చూసి తెలుసుకొనే వీలు దానితోపాటే పోయింది.