బళ్లారి నుంచి బొబ్బిలి దాకా: బడి శిక్షపై ఒక లెక్కల మాస్టారి పరిశీలన

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక పని పురమాయించాడు. జిల్లాలో ఎన్ని బళ్లున్నాయి, ఎంతమంది చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అన్నది లెక్క తీసి పంపాలి. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన మనిషి కాబట్టి ఆయన అంకెలతో సరిపెట్టుకోలేదు. 533 బళ్లు, 6,641 మంది పిల్లలు అని తేల్చి, ఆ బళ్లలో పొద్దున ఏం జరిగేదో కూడా రాశాడు.

ఆరు గంటలకు బడి మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా, వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అక్కణ్నుంచి వచ్చినవాడికల్లా ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది.

లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ని గనుక ఇది చదవగానే ముందు కూడిక వేశాను. క్యాంప్‌బెల్ అంకెల ప్రకారం బడికి సగటున పన్నెండు మంది. పన్నెండోవాడికి పది దెబ్బలు. అందరూ హాజరైన రోజున బడి మొత్తానికి 55. ఆ పన్నెండు మందీ తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డా ఈ 55లో ఒక్కటీ తగ్గదు. ఎంత పొద్దున్నే లేచినా ఎవరో ఒకరు పన్నెండోవాడు కావాల్సిందే. దెబ్బలు ఆలస్యానికని పేరు, పడేది మాత్రం వరసలో చోటును బట్టి.

చదవని పిల్లలకు వేసే శిక్షలు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. కొట్టడం, రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం (మన తాతలు కోదండం వేయడం అన్నది ఇదే), ఆగకుండా మోకాళ్ల మీద కూర్చుని లేస్తూ ఉండమనడం. ఈ చివరిది నేటి గుంజీళ్లకు దగ్గరి చుట్టం. అది చాలా బాధ పెడుతుందని, అయితే ఒంటికి మంచిదే కావచ్చని క్యాంప్‌బెల్ ఒక వ్యాఖ్య కూడా చేర్చాడు. గుంజీళ్లు తీస్తే మెదడు చురుకవుతుందని ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఆ కలెక్టరే గుర్తొస్తాడు.

ఈ వ్యాసంలో నా ప్రతిపాదన ఇది. ఉపాధ్యాయుడు పైవాళ్లకు అప్పజెప్పాల్సిన లెక్క ఒకటి ఉంటుంది. అది సరిపడనప్పుడు బెత్తం లేస్తుంది. పిల్లవాడి తప్పు ఎంత పెద్దదన్నది అక్కడ రెండో మాటే. చట్టం బెత్తాన్ని లాక్కుంది గానీ ఆ లెక్క జోలికి పోలేదు. అందుకే శిక్ష బడి వదిలి పోకుండా వేషాలు మార్చుకుంటూ అక్కడే ఉంది.

దండం దశగుణం

స్టాఫ్‌రూంలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దండం దశగుణం అంటారు, బెత్తం పడితే చదువు పదింతలవుతుందన్న అర్థంలో. ఆ మాట ఒక సంస్కృత చాటుశ్లోకం తోక. కర్ర ఏయే పది చోట్ల పనికొస్తుందో ఆ శ్లోకం వరసగా చెబుతుంది: పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. పదికి పది నిండాయి. శిష్యుడు ఆ జాబితాలో లేడు. తోకొక్కటే తెంచుకుని బడికి తెచ్చుకున్నది మనం.

అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది భాగవతం ఏడో స్కంధం. ప్రహ్లాదుడికి చదువు చెప్పే చండామార్కుల చేతికి బెత్తం వచ్చిన సందర్భం చూడండి. తండ్రి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్చుకున్నదేమిటో చెప్పమంటాడు. ఇప్పటి మాటల్లో అది తనిఖీ. పిల్లవాడి జవాబు తండ్రికి నచ్చదు. అప్పుడు గురువు బెత్తం తెమ్మని కేకేస్తూ చెప్పే కారణం, వీడు మాకు అపకీర్తి తెస్తున్నాడని. పాఠం రాలేదని అనడు; ప్రహ్లాదుడికి పాఠాలన్నీ వచ్చు. రాజుగారి ముందు గురువు పరువు పోయింది, ఆ పరువు ఖరీదు పిల్లవాడి వీపు మీద రాబట్టాలి. తనిఖీకీ బెత్తానికీ ఉన్న చుట్టరికాన్ని ఇంత సూటిగా చెప్పిన కథ మన సాహిత్యంలో మరొకటి నాకు కనబడలేదు.

తల్లిదండ్రులు కూడా ఈ లెక్కలో భాగస్వాములే. రెండు కళ్లు వదిలేసి తోలు వలవండి సార్ అని చెప్పి పిల్లవాణ్ని అప్పగించిన తండ్రులను నేను చూశాను. వాళ్లను క్రూరులనలేను. తమకు అందని చదువును కొడుకు చేత ఎలాగైనా పట్టించాలన్న ఆత్రం అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట నాకు అధికార పత్రంలా ఉండేది. పిల్లవాడి మేలు కోరి, సంరక్షకుడి సమ్మతితో, సద్బుద్ధితో చేసిన పని నేరం కాదనే శిక్షాస్మృతి సెక్షన్లను కొట్టిన మాస్టారికి అనువుగా చదివే అలవాటు కోర్టుల్లో చాలాకాలం సాగింది. తండ్రి అన్నదీ కోర్టులు విన్నదీ ఒకే మాట.

సర్క్యులర్ పుస్తకంలో సంతకం

2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాలల నియమావళిలో కొట్టడానికి వీలిచ్చే నిబంధనలను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ 2002 ఫిబ్రవరి 18న జీవో ఎం.ఎస్. నంబరు 16 ద్వారా 1966 నాటి విద్యా నియమాల్లోని 122వ నియమాన్ని మార్చి, దేహదండనకు వీలిచ్చిన చోటనే దాన్ని నిషేధించింది. విద్యాహక్కు చట్టం ఆ తర్వాత ఏడేళ్లకు వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలోని 17వ సెక్షను శరీరాన్ని హింసించడంతో పాటు మనసును వేధించడాన్ని కూడా నిషేధించింది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. అయితే ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకా చదువును ఉద్దేశించి చేసింది. ఫలితాల వేడి అసలు తగిలేది తొమ్మిది, పదిలో.

నిషేధం మా బడికి ఎలా వచ్చిందో బాగా గుర్తుంది. అటెండరు సర్క్యులర్ పుస్తకం పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ఎడమచేత్తో పుస్తకం అందుకుని, చూశాను అని రాసి సంతకం పెట్టాను. కుడిచేతిలో అప్పుడు బరిగె ఉంది. ఇందులో చమత్కారానికి కల్పించిందేమీ లేదు. ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న పీరియడ్ అది.

ఆ సంతకాల విలువెంతో తర్వాత ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ పరిశోధన నాలుగు దేశాల పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. అందులో భారతదేశం తరఫు పిల్లలంతా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. 2009 విడత సర్వేలో ఎనిమిదేళ్ల పిల్లలను అడిగితే, గడిచిన వారంలో బడిలో టీచరు ఎవరినో ఒకరిని కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. రాష్ట్రంలో నిషేధం వచ్చి అప్పటికి ఏడేళ్లు.

బరిగె తెచ్చే పిల్లవాడు

ఒక మాస్టారి జ్ఞాపకాలు సాక్ష్యంగా చాలవంటే ఒప్పుకుంటాను. కానీ సర్వేలో దొరకనివి కొన్ని తరగతి గదిలోనే దొరుకుతాయి. బరిగె తెచ్చే పని అలాంటిది.

మేం బెత్తం కొనుక్కునేవాళ్లం కాదు. ఆవరణలోని కానుగ చెట్టు నుంచి విరుచుకు రమ్మని ఒక పిల్లవాణ్ని పంపేవాళ్లం. ఆ పిల్లవాడికి ఆ ఐదు నిమిషాలూ గొప్ప అధికారం. లావు కర్ర చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ చురుక్కుమనదు, సన్నటి పచ్చి బరిగె వాత తేలుస్తుంది అని వాళ్లకు నాకంటే బాగా తెలుసు. దెబ్బలు తినబోయేది స్నేహితుడైతే ఒకటి, పడనివాడైతే మరొకటి. తన పేరే జాబితాలో ఉంటే మొదటి దెబ్బకే పుటుక్కున విరిగే ఎండుపుల్ల తెచ్చేవాడు. పుల్ల విరిగితే తరగతంతా నవ్వేది, ఒక్కోసారి నేనూ నవ్వేవాణ్ని. క్రమశిక్షణ పేరుతో నేను నడిపిన ఆ తతంగంలో పిల్లలు నేర్చుకున్నది ఎవరి వైపు ఉంటే ఏ కర్ర వస్తుందన్న రాజకీయం. పదమూడో ఎక్కం రానివాడికి ఆ తర్వాత కూడా రాలేదు.

నా పాత పాఠ్యప్రణాళిక డైరీలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఎవరిని కొట్టానో వాటిలో లేదు. అలాంటివి ఎవరూ రాసుకోరు. అయినా కొట్టిన వారాలను గుర్తుపట్టగలను. మూడు రోజుల పాఠాన్ని ఒక్కరోజు గడిలో ఇరికించి రాసిన పేజీలవి. మూడు నెలల పరీక్షలకు ముందో, ఆరు నెలల పరీక్షలకు ముందో, తనిఖీ అధికారి వస్తున్నాడన్న కబురు తెలిసిన వారమో అయి ఉంటుంది. జూన్, జులై పేజీల్లో అక్షరం గుండ్రంగా ఉంది. ఆ నెలల్లో పిల్లల అల్లరి తక్కువేం కాదు, నిజానికి కొత్త తరగతి కొత్త బెంచీల వేడిలో అదే ఎక్కువ. నా చేతిలో మాత్రం కర్ర లేదు.

బెత్తం పోయి మాట వచ్చె

విద్యాహక్కు చట్టం తర్వాత నేను కొట్టడం మానేశాను. మారానని గర్వంగానే ఉండేది. ఆ గర్వం ఎనిమిదో తరగతి పిల్లవాడొకడి దగ్గర పోయింది. భిన్నాల లెక్క తప్పు చేశాడు. నీకు లెక్కలు రావుగానీ పోయి గొర్రెలు కాసుకో అన్నాను. మా ప్రాంతంలో మాస్టార్ల నోట అరిగిపోయిన మాట అది. వాడు చెయ్యి చాపి, రెండు దెబ్బలు కొట్టండి సార్, ఆ మాట అనాకండి అన్నాడు. వాళ్ల నాయన గొర్రెల కాపరి. ఇంట్లో అన్నం పెట్టే పనిని నేను శిక్షగా మార్చి నలభై మంది ముందు వాడి మొహాన వేశాను.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మొదటి అధ్యక్షురాలు శాంతా సిన్హా మన ప్రాంతంలోనే పలకా బలపం లేని పిల్లలను పనుల నుంచి బళ్లకు నడిపించిన మనిషి. ఆమె కాలంలో కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను అడిగించింది. ఏ శిక్షా పడలేదని చెప్పినవాళ్లు తొమ్మిదిమంది. ఆ తొమ్మిది అంకెను అందరూ ఉదహరిస్తారు. నాకు అంతకంటే బరువైనది మరొకటి: నీకు చదువు రాదు అన్న మాట పడ్డామని చెప్పినవాళ్లు 81.2 శాతం. బెత్తం దెబ్బ తిన్నామన్నవాళ్లు 75 శాతం. బెత్తం కంటే మాటే ఎక్కువమందికి తగిలింది. 2012లో కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు శారీరక శిక్ష, మానసిక వేధింపు, వివక్ష అని మూడు పద్దులు పెట్టాయి. నా గొర్రెల మాట రెండో పద్దులోకీ మూడో పద్దులోకీ ఒకేసారి వస్తుంది.

ఇక్కడ ఉపాధ్యాయుల పక్షం కూడా చెప్పాలి. చేతులు కట్టేశారు అన్నది మా అందరి ఫిర్యాదు. అది ఉత్త సాకు కాదు. కొట్టవద్దన్న ఉత్తర్వు వచ్చింది. కొట్టకుండా అరవైమంది ఉన్న గదిని చివరి పీరియడ్‌లో ఎలా నిలబెట్టాలో చూపించిన శిక్షణ నాకు గుర్తున్నంతలో ఒక్కటి రాలేదు. పదో తరగతి ఉత్తీర్ణత శాతం తగ్గితే మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో ఠంచనుగా వస్తుంది. పిల్లల ఇంటి సంగతులు వినే సలహాదారు మా బళ్లలో ఎక్కడున్నాడు? మందు తాగొచ్చిన తండ్రి కొట్టిన దెబ్బలతో వచ్చే పిల్లవాడికి ఏం చెప్పాలో బీఈడీలో చదవలేదు. నేను తప్పుబట్టేది ఒక్కటే, కట్టేసిన చేతులకు మందు బెత్తమే అనుకోవడాన్ని.

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ముందు సాష్టాంగపడి, వేదిక మీద తానే గుంజీళ్లు తీశాడు. పిల్లలు చదువులో వెనకబడుతున్నారని, వాళ్లను ఏమీ అనలేకపోతున్నామని ఆయన బాధ. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ మెచ్చుకున్నారు. మా స్టాఫ్‌రూంలో సగం మందికి కళ్లు చెమర్చాయి. నాకు కలిగింది జాలి, వెనకే బెదురు. బళ్లారిలో పన్నెండోవాడు తిన్న దెబ్బను బొబ్బిలిలో పెద్దసారు తన మీదికి తీసుకున్నారు. వరసా అదే, చివరివాడొకడు ఉండాలన్న నియమమూ అదే. ఆ సారు ఒంటి మీద పడింది కాబట్టి దాన్ని త్యాగమన్నాం. చూస్తూ కూర్చున్న పిల్లలకు మా వల్లే సారుకు ఈ గతి అన్న భారం మిగిలి ఉంటే, 17వ సెక్షనులోని రెండో సగానికి అది ఎంత దూరం?

మా బడిలోనూ ఆలస్యంగా వచ్చినవాళ్ల చేత ప్రార్థన దగ్గర గుంజీళ్లు తీయించే ఆచారం ఉండేది. క్యాంప్‌బెల్ నివేదిక చదివిన ఏడు, గుంజీళ్లు ఆపించి, ఆ పిల్లల పేర్లూ ఊళ్లూ ఒక నోటుపుస్తకంలో రాయించడం మొదలుపెట్టాను. పేర్లు మారుతూ వచ్చాయి, ఊరు మారలేదు. దాదాపు అందరిదీ చెరువు అవతలి ఒకే పల్లె. బడి గంట తొమ్మిదికి కొడతాం. ఆ పల్లె నుంచి వచ్చే బస్సు తొమ్మిదీ ఇరవైకి గేటు ముందు ఆగుతుంది. హెడ్‌మాస్టరు గారు డిపోకు ఉత్తరం రాశారు. బస్సు వేళ మారలేదు, ఒక్క బడి కోసం మార్చడం వాళ్లకూ కుదరకపోవచ్చు. ఇప్పుడు మొదటి పీరియడ్‌లో ఆ ఇరవై నిమిషాలూ నిన్నటి లెక్కలే మళ్లీ చేయిస్తున్నాం, కొత్త పాఠం బస్సు వచ్చాకే. గుంజీళ్లు తీయించిన అన్నేళ్లూ ఆ బస్సు తొమ్మిదీ ఇరవైకే వచ్చేది.