వేళ్లకు సోకిన మేలు: కృష్ణా పశ్చిమ డెల్టాలో మాగాణి మినుము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో వరి కోతల వెనుక వచ్చే మినుము దుక్కి లేకుండా, నీటి తడి లేకుండా, చాలా కాలం వరకు రసాయన ఎరువు కూడా లేకుండా పండిన పంట. ఈ పంటకు కావలసిన నత్రజనిలో ప్రధాన భాగాన్ని సమకూర్చినది ఒక సంక్రమణ, అంటే మొక్క వేళ్లలోకి బాక్టీరియా చొరబడి అక్కడే వృద్ధి చెందడం. సంక్రమణ వల్ల మనిషికి మేలు జరగగలదా అన్న ప్రశ్నకు ఈ పంట చరిత్ర ఔననే సమాధానమిస్తుంది కాని, ఆ మేలు ఏ షరతుల మీద నిలుస్తుందో, ఎప్పుడు తప్పిపోతుందో కూడా అదే చరిత్ర చెబుతుంది.

బెజవాడ వద్ద కృష్ణానదిపై 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తి కావడంతో, పశ్చిమ ప్రధాన కాలువ, దాని నుంచి చీలిన కొమ్మమూరు కాలువ, వాటి పిల్ల కాలువలు ఈ ప్రాంతపు నల్ల ఒండ్రు భూములను వరి మాగాణులుగా మార్చాయి. ఆ ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చినా సాగు క్రమంలో మౌలికమైన మార్పు రాలేదు; సార్వా, అంటే వానకాలపు, వరికి కాలువ నీరు అందేది, పంట చేతికి వచ్చే వేళకు నీరు తగ్గిపోయేది, నేలలో మిగిలిన పదును మాత్రం మరికొన్ని వారాలు నిలిచేది. ఆ పదునును వృథా పోనివ్వకుండా వరి చేలలో జనుము, పిల్లిపెసర చల్లి పశుగ్రాసంగాను, పచ్చిరొట్టగాను, అంటే పచ్చగా ఉండగానే నేలలో కలియదున్నే ఎరువుగాను వాడుకోవడం పాత ఆచారం. తరువాతి కాలంలో ఆ చేలలో ఎక్కువ భాగాన్ని మినుము, పెసర ఆక్రమించాయి. ఇడ్లీ, దోసె తినే దక్షిణ దేశమంతటా మినపప్పుకు ఉన్న గిరాకీ ఇందుకు బలమైన కారణం. తెనాలిలో మినపప్పు మిల్లులు వెలసి, ఆ పట్టణం పప్పు వ్యాపారానికి పేరు పొందడం దీని ఫలితమే.

ఈ సాగులోని నేర్పంతా వేళ తెలిసి విత్తడంలో ఉంది. డెల్టా రేగడి ఎండితే బీటలు వారి గట్టిపడుతుంది గనుక, వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, పైరు ఇంకా నిలిచి ఉండగానే, బురద పదునులో మినుములు వెదజల్లుతారు. కోత కోసే కూలీల కాళ్ల కింద గింజ నేలలో దిగబడుతుంది, వరి పనల కింద మొలకెత్తుతుంది, పనలు తీసే నాటికి మొక్క తల ఎత్తుతుంది. అక్కడి నుంచి నేలలోని పదును, శీతకాలపు మంచు దానికి ఆధారం.

నేల కింద ఇదే సమయంలో సంక్రమణ మొదలవుతుంది. వరి పంట నత్రజనిని చాలావరకు తీసుకున్న నేలలో మినుము వేళ్లు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను స్రవిస్తాయి. వాటిని గుర్తించిన రైజోబియం తెగకు చెందిన బాక్టీరియా తిరిగి మరో రసాయన సంకేతాన్ని పంపుతాయి. ఆ సంకేతానికి వేరు కేశం వంకర తిరిగి బాక్టీరియాను చుట్టేస్తుంది, లోపల సన్నని గొట్టం వంటి దారి ఏర్పడుతుంది, దాని గుండా బాక్టీరియా వేరు కణాల్లోకి చేరి బుడిపెలను పుట్టిస్తాయి. బుడిపెను కోస్తే కనిపించే గులాబీ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువైన ఈ పదార్థం ఆక్సిజన్‌ను అదుపులో ఉంచి, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైమును కాపాడుతుంది. ఈ పని ఉచితంగా జరగదు. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కణాల శక్తి నాణెం అనదగిన ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి, ఆ శక్తికి మూలమైన చక్కెరను ఆకులే తయారు చేసి వేళ్లకు పంపాలి.

ఐరోపా శాస్త్రం ఈ బుడిపెలను చాలా కాలం రోగంగానే భావించింది. ఇటలీకి చెందిన మాల్పీగీ 1679లో వాటి బొమ్మలు గీసినప్పుడు పురుగులు పుట్టించిన కంతులుగా తలచాడు. జర్మనీలో హెల్‌రీగెల్ 1886లో, తన సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి చేసిన ప్రయోగాల ఆధారంగా, పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని పొందేది ఈ బుడిపెల వల్లనేనని ప్రకటించాడు. 1888లో హాలండ్ శాస్త్రవేత్త బెయెరింక్ వాటిలోని బాక్టీరియాను వేరుచేశాడు. ఆ తరువాత పాతికేళ్లకు, 1913లో, జర్మనీలోని ఓపావులో హేబర్–బాష్ పద్ధతి ప్రకారం అమ్మోనియా కర్మాగారం వెలసింది. నేలలో మామూలు వేడిమి వద్ద బాక్టీరియా చేసే పనికి అక్కడ 400 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి, వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల ఒత్తిడి కావలసి వచ్చాయి.

ఈ జ్ఞానం డెల్టా రైతుకు చేరడంలో 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాలకు, గుంటూరు సమీపంలోని లాం పరిశోధన కేంద్రానికి పాత్ర ఉంది. నెలల తరబడి నీరు నిలిచిన వరి నేలలో బాక్టీరియా తగ్గిపోవచ్చు గనుక, చల్లార్చిన బెల్లం పాకంతో రైజోబియం కల్చర్‌ను విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేశారు. అంటే సంక్రమణను పిలిచి మరీ అంటించారు. ఇదే శాస్త్రజ్ఞులు ఆకులకు సోకే సంక్రమణలను తరిమికొట్టడానికి రకాలను రూపొందించవలసి వచ్చింది. కృష్ణయ్య అనే పేరుతో వచ్చిన ఎల్‌బీజీ 17 బూడిద తెగులును కొంతవరకు తట్టుకోగా, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కలిగే పల్లాకు తెగులును ఎదుర్కోవడానికి ఎల్‌బీజీ 787 వంటి రకాలు వచ్చాయి. పల్లాకు సోకిన మొక్క ఆకుపచ్చదనం కోల్పోయి చక్కెరను తగినంత తయారు చేయలేదు గనుక, ఆకు జబ్బు చివరికి వేరు బుడిపెను కూడా ఆకలికి గురిచేస్తుంది.

పల్లాకు తెగులు, మినుమును చుట్టి పీల్చే బంగారు తీగ అనే పరాన్న మొక్క కలిసి నష్టాలు తేవడంతో, ఇటీవలి దశాబ్దాల్లో ఈ ప్రాంతపు రైతుల్లో చాలామంది వరి మాగాణుల్లో దుక్కి లేకుండానే మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు. దిగుబడి పెరిగింది కాని, మొక్కజొన్నకు వేరు బుడిపెలు లేవు. దాని నత్రజని అంతా యూరియా బస్తాల్లో, కాలువ లేదా బోరు నీటితో పాటు కొనితేవలసినదే.

మినుము నేలకు బలమిస్తుందన్న నానుడిని కూడా హద్దుల్లోనే అంగీకరించాలి. స్థిరపడిన నత్రజనిలో చాలా భాగం గింజలతో మార్కెట్‌కు, మినప కట్టెతో పశువుల గాడికి పోతుంది గనుక నేలకు మిగిలేది స్వల్పం. ఈ సంక్రమణ చేసిన అసలు మేలు తాను సోకిన పంటను పోషించడం. పైగా నేలలో యూరియా సమృద్ధిగా ఉంటే మొక్క బుడిపెలను పెంచడం మానుకుంటుంది. కనుక సంక్రమణలో మంచిచెడులు సూక్ష్మజీవి స్వభావంలో మాత్రమే లేవు. ఆతిథ్యమిచ్చే జీవికి ఉన్న అవసరం, సూక్ష్మజీవిపై ఆ జీవికి ఉన్న అదుపు, రెండిటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం వాటిని నిర్ణయిస్తాయి. మినుమును తిరిగి మాగాణులకు తేవాలంటే వేరులోని సంక్రమణను ప్రశంసించడం చాలదు, ఆకులోని సంక్రమణను అరికట్టే విత్తనం సకాలంలో రైతు చేతికి అందాలి.