రాజయక్ష్మమూ, పప్పన్నమూ

క్షయవ్యాధికి మన పూర్వులు పెట్టిన పేరు రాజయక్ష్మము. ఇక్కడ రాజు అంటే చంద్రుడు. ఇరవై ఏడుగురు భార్యలలో రోహిణినొక్కతెనే ఆదరించినందుకు మామగారైన దక్షుడు శపించగా చంద్రునికి ఈ రోగం పట్టిందని పురాణకథ. చరకసంహిత చికిత్సాస్థానంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. అందులో చెప్పిన హేతువులు నాలుగు: శక్తికి మించిన సాహసం, వేగాలను ఆపుకోవడం, ధాతుక్షయం, విషమాశనం. విషమాశనమంటే వేళాపాళా, పాళ్లూ లేని తిండి. చరకునికి అంతా తెలుసునని చాటడం నా ఉద్దేశం కాదు. ఈ రోగం ప్రస్తావన వచ్చినప్పుడల్లా కంచం ప్రస్తావన కూడా రావడం చాలా పాత సంగతి అని చెప్పడమే.

1882లో జర్మనీలో రాబర్ట్ కాఖ్ క్షయక్రిమిని కనుగొన్నాడు. దానితో ఒక చిక్కుముడి విడిపోయి ఇంకొకటి పడింది. క్రిమి చేరిన వారందరికీ రోగం రాదు. పదిమందిలో క్రిమి ఉంటే జీవితకాలం మొత్తంమీద మంచం పట్టేది ఇంచుమించు ఒక్కరే. తక్కిన తొమ్మండుగురిలో శరీరపు రక్షకకణాలు క్రిమి చుట్టూ గోడ కట్టి దానిని చెరలో ఉంచుతాయి. ఆ కావలి ఏళ్ల తరబడి సాగవలసినది. మనిషి చిక్కిపోయేకొద్దీ ఈ కావలివాళ్లు తగ్గుతారు, ఉన్నవాళ్లు నీరసిస్తారు. పోషణలేని పసిపిల్లలకు ట్యుబర్‌క్యులిన్ సూది వేస్తే, లోపల క్రిమి ఉన్నా చర్మం పొంగకపోవడం వైద్యులు ఎరిగినదే. శత్రువు ఇంట్లో ఉన్నా కేక వేసే సత్తువ లేదన్నమాట.

మందులు లేని కాలంలో శానటోరియంలు నడిచింది ఈ నమ్మకంమీదే. మన మదనపల్లె దగ్గర గుట్టల నడుమ వెలసిన ఆరోగ్యవరం అటువంటిదే. డెన్మార్కు నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని తీర్చిదిద్దినవాడు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన భోజనం, ఇవే అక్కడి ఔషధాలు. (ఊరికి ఆ పేరు పెట్టినవారెవరో గాని, సంస్కృతం ఎరిగినవారే.) 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదలైనదీ మదనపల్లెలోనే.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరి పాప్‌వర్త్‌లో మరో మెట్టు పైకి వెళ్లారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో వేరియర్ జోన్స్ అనే వైద్యుడు అక్కడ రోగులను కుటుంబాలతో సహా ఒక ఊరుగా కాపురం పెట్టించాడు. ఇల్లు, పని, కూలి, కడుపునిండా తిండి. తల్లో తండ్రో క్షయరోగి అయిన ఇళ్లలో పిల్లలు పుట్టి పెరిగారు. క్రిమి వారికీ సోకింది. సోకకుండా ఎలా ఉంటుంది? కాని ఆ ఊళ్లో పుట్టిన పిల్లలలో రోగంగా ముదిరినది చాలా అరుదు. ఈ లెక్కలను 2012లో మన దేశపు వైద్యులు మళ్లీ తిరగేసి చూపేవరకు ఎవరికీ పట్టలేదు.

పట్టకపోవడానికి కారణం చెన్నపట్నంలో ఉంది. 1956లో అక్కడ క్షయ ఔషధచికిత్సా కేంద్రం ఏర్పడింది. నగరంలోని పేద రోగులను చీట్లు తీసినట్టు రెండుగా విభజించి, సగంమందిని శానటోరియంలో ఉంచారు, సగంమందికి ఇళ్లవద్దనే మందులిచ్చారు. ఇద్దరికీ మందులవే: ఐసోనయజిడ్, పి.ఎ.ఎస్. ఇంట ఉన్నవారి తిండి అంతంతమాత్రం, పైగా కాయకష్టం. శానటోరియంవారికి మంచి భోజనం, ఒళ్లూ ఎక్కువ చేసింది. ఏడాది తిరిగేసరికి గుణం ఇంచుమించు ఇరుపక్షాలా సమానం! 1959లో ఈ ఫలితం వెలువడగానే ప్రపంచవ్యాప్తంగా శానటోరియంల కాలం చెల్లడం మొదలైంది. అది పేదలకు మహోపకారం, సందేహం లేదు. ఇల్లూవాకిలీ విడిచి నెలల తరబడి ఎక్కడో పడి ఉండే బాధ తప్పింది.

అయితే ఆ పరీక్ష అడిగిన ప్రశ్న ఒకటి, లోకం విన్న జవాబు మరొకటి అని నా అభిప్రాయం. రోగం వచ్చినవాడికి మందు పనిచేయడానికి మంచి తిండి అనివార్యమా అన్నది ప్రశ్న. కాదన్నది జవాబు. దానిని 'క్షయకూ తిండికీ సంబంధం లేదు' అని చదువుకున్నారు. రోగి పక్కనే పడుకుని అదే గంజి తాగే పెళ్లాంబిడ్డల సంగతి అసలు ప్రశ్నలోనే లేదు. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేదని చెంగల్పట్టు పరీక్ష 1979లో తేల్చిన తరువాత కూడా ఎవరి చూపూ వంటింటివైపు మళ్లలేదు.

ఆ ప్రశ్న 2019లో జార్ఖండులో అడిగారు. నాలుగు జిల్లాలు, 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని పదివేలమందికి పైగా మనుషులు. రోగులందరికీ ఆహారం అందించారు. కొన్ని చోట్ల మాత్రం ఇంటిల్లిపాదికీ తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఆరు నెలలపాటు ఇచ్చారు. తరువాత వేచి చూశారు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం: తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది; కఫపరీక్షవంటివాటిలో క్రిమి కనబడిన ఊపిరితిత్తుల క్షయను మాత్రమే లెక్కిస్తే 48 శాతం. ఈ పనిలో పాలుపంచుకున్న చెన్నై జాతీయ క్షయ పరిశోధన సంస్థ, 1956నాటి ఆ కేంద్రమే పేరు మార్చుకున్నది.

కరోనా రోజులలో రోగనిరోధకశక్తి పేరిట ఎన్ని చూర్ణాలు, కషాయాలు అమ్ముడుపోయాయో చూశాం. వాటిలో ఒక్కదానికైనా ఇటువంటి పరీక్షలో నెగ్గిన దాఖలా నాకు కనబడలేదు. నెగ్గినది బియ్యమూ, పప్పూ.

2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం క్షయరోగికి పోషణకని నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దానిని వెయ్యి చేసింది. పథకం పేరు 'నిక్షయ్'. నిఃక్షత్రియం వంటిదే కనుక 'నిఃక్షయ' అనాలి, విసర్గ ఎక్కడో జారిపోయింది. పోనిద్దాం. జారిపోకూడనిది ఇంకొకటుంది. ఆ వెయ్యి రోగి పేరిటే వస్తుంది. ఇంట్లోవారికి ఆహారపు బుట్ట ఇవ్వవచ్చునని 2024లోనే అనుమతించారు గాని, దానిని సమకూర్చవలసిన 'నిక్షయ్ మిత్రులు' స్వచ్ఛందంగా ముందుకు వచ్చే దాతలు. దాత దొరికిన ఊళ్లో పప్పు ఉడుకుతుంది.