రాత్రి 2 గంటల డాప్లర్

చెప్పులు బయట విడిచి, మాస్కు కట్టుకుని లోపలికి రండి. హైదరాబాద్‌లో ఒక కాలేయ మార్పిడి ఐసీయూ ఇది. మంచం మీద యాభై ఏళ్ల రైతు. ఆయన పొట్టలో ఉన్న కాలేయం మొన్నటిదాకా వాళ్లక్కది, కుడివైపు ముక్క. ఆమె ఇంకో గదిలో కోలుకుంటోంది.

రేడియాలజిస్టు డాప్లర్ స్కాన్ మెషిన్ తోసుకొచ్చింది. కట్టు తడవకుండా, పక్కటెముకల సందులో జెల్ పూసి ప్రోబ్ ఆనించింది. చలికి ఆయన ఒళ్లు జలదరించింది.

"గాలి పీల్చండి... ఆపండి."

తెర మీద ఎరుపు, నీలం. ఎరుపు ధమని, నీలం సిర అనుకునేరు, కాదు. రక్తం ప్రోబ్ వైపు వస్తే ఎరుపు, దూరం పోతే నీలం. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ఈ మెషిన్ వెనకున్న సూత్రం చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి! ఎక్కడి చుక్కలు, ఎక్కడి మంచం.

ముందు పోర్టల్ సిర. కాలేయానికొచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు దీనిదే. స్పీకర్లో తూములో నీళ్లు పారుతున్నట్టు ఎడతెగని హోరు. ఇది బాగుంది.

ఇక హెపాటిక్ ధమని. రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టం, వెంట్రుక కన్నా సన్నటి దారంతో అతికించింది. పైత్యనాళాలకు రక్తం దీన్నుంచే. ఇది పూడుకుపోతే అవి చచ్చిపోతాయి.

చప్పుడు లేదు.

ప్రోబ్ వంచింది. స్కేలు తగ్గించింది. పేగుల్లో గాలి అడ్డమొస్తోందా? ఊపిరి ఆపమన్నది ఆయన్ని, మీరూ ఆపేశారు.

దొరికింది. కానీ తెర మీద పొద్దున నిటారుగా లేచిన అల ఇప్పుడు బద్ధకంగా, పొట్టిగా సాగుతోంది. ఆ అల తీరును కొలిచే రెసిస్టివ్ ఇండెక్స్ 0.46. పొద్దున 0.66. మామూలుగా 0.55కీ 0.80కీ మధ్య ఉండాలి. కుట్టిన చోట దారి ఇరుకైందేమో.

సాయంత్రం రక్తపరీక్షలో ఎంజైములు చక్కగా దిగుతున్నాయి. ఆ కాగితాన్నే నమ్ముకుని ఉంటే అందరూ తెల్లారేదాకా నిశ్చింతగా ఉండేవాళ్లు. అందుకే నాకు ఈ మెషిన్ మీద గురి. మెషిన్ కన్నా, దాన్ని పట్టుకున్న చేతి మీద.

రేడియాలజిస్టు సర్జన్‌కి ఫోన్ కలిపింది. "సార్, 0.46. అల పడిపోయింది."

"సీటీ యాంజియోకి పంపండి. వస్తున్నా."

నర్సు జెల్ తుడుస్తూ అడిగింది, "లోపల నొప్పేమన్నా ఉందా అన్నా?" మార్చిన కాలేయానికి నరాలు తెగిపోయి ఉంటాయి, నొప్పి కబురు మోసేవి లేవు.

"కుట్ల కాడ తప్ప ఏం లేదమ్మా, మంచిగనే ఉన్న. అక్క లేచిందా?"