ఒంటరి సభ్యుడు

శాసనసభలో ఏ పక్షమునకును చెందని సభ్యుడు ఒంటరివాడు. మంత్రివర్గమును నిలుపలేడు, పడగొట్టలేడు. అట్టివానివలన ప్రజలకేమి ప్రయోజనమని అడుగువారికి వావిలాల గోపాలకృష్ణయ్యగారి చరిత్రను మేము జ్ఞప్తికి తెత్తుము.

1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించిన వావిలాలవారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని కారాగారవాసము ననుభవించిరి. 1952 మొదలు నాలుగు పర్యాయములు సత్తెనపల్లి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. అందు 1962, 1967 ఎన్నికలలో వారు స్వతంత్ర అభ్యర్థిగానే గెలిచిరి. వారు అవివాహితులు, ఖద్దరు దుస్తులు, భుజమున సంచి, వారి కలిమి యింతే. పంచిపెట్టుటకు పదవులు లేని వ్యక్తిని ఓటర్లు మరల ఎన్నుకొనుట సామాన్యవిషయము కాదు.

ప్రభుత్వము ప్రజల భాషలో నడువవలెనన్నది వారి పట్టుదల. తన భూమిని గూర్చిన ఉత్తరువును తాను చదువుకొనలేని రైతునకు ఓటుహక్కు సగమే దక్కినదని మేమును భావింతుము. తెలుగును అధికారభాషగా జేయు చట్టము 1966లో వచ్చినది. కాని చట్టము వేరు, కచేరీలో వాడుక వేరు. 1974లో అధికారభాషాసంఘ మేర్పడినపుడు, శాసనసభ్యత్వము ముగిసియున్న వావిలాలవారే దానికి తొలి అధ్యక్షులైరి.

1992లో పద్మభూషణ్ పురస్కారమును పొందిన వారు 2003 ఏప్రిల్ 29న కన్నుమూసిరి. కచేరీ కాగితమును తెలుగులో అందుకొను ప్రతి పౌరుడును ఆ ఒంటరి సభ్యునికి కొంత ఋణపడి యున్నాడని మా విశ్వాసము.