అలెక్సా కెనడీ: న్యూరోసర్జరీ వద్దన్నారు.. చివరికి ఆ విభాగానికే చీఫ్ అయ్యారు

అలెక్సా అనగానే పాటలు పెట్టే స్పీకర్ గుర్తొస్తుందేమో. ఈ అలెక్సా వేరు. అమెరికాలో న్యూరోసర్జన్ అయిన తొలి నల్లజాతి మహిళ డాక్టర్ అలెక్సా కెనడీ.

1950లో మిచిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో పుట్టారు. తండ్రి డెంటిస్ట్. రెండో తరగతిలో ఆమెకొచ్చిన మంచి మార్కుల్ని టీచరే ఓ తెల్లజాతి విద్యార్థి పేరున వేసేశారు. అంటే తెలివి ఉన్నా కనిపించకూడదన్నమాట!

మిచిగన్ యూనివర్సిటీలో మొదట మ్యాథ్స్ తీసుకున్నారు. తన మీద తనకే నమ్మకం పోయి, చదువు మానేద్దామనుకున్నారు కూడా. అప్పుడే మైనారిటీ విద్యార్థుల కోసం పెట్టిన ఓ వేసవి ప్రోగ్రామ్‌లో చేరారు. మెడిసిన్ మీద ఇష్టం కలిగింది అక్కడే. 1975లో ఎండీ పూర్తి చేశారు (అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిది). న్యూరోసర్జరీ చేస్తానంటే, దారి చూపాల్సిన వాళ్లే వద్దన్నారు.

యేల్-న్యూ హేవెన్ ఆస్పత్రిలో ఇంటర్న్‌గా మొదటి రోజు. పేషెంట్‌ని చూస్తుంటే అటుగా వెళ్తున్న ఓ అధికారి, కోటాలో వచ్చింది నువ్వేనా అన్నట్టు మాట విసిరారు. ఆమె పని ఆపలేదు. మిన్నెసోటా యూనివర్సిటీలో 1976 నుంచి 1981 దాకా న్యూరోసర్జరీ, తర్వాత ఫిలడెల్ఫియాలో పిల్లల న్యూరోసర్జరీ నేర్చుకున్నారు. 1987లో డెట్రాయిట్‌లోని చిల్డ్రన్స్ హాస్పిటల్ ఆఫ్ మిచిగన్‌లో న్యూరోసర్జరీ చీఫ్ అయ్యారు.

పిల్లల న్యూరోసర్జన్ల దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసుల్లో హైడ్రోసెఫలస్ ఒకటి. మెదడులో నీరు పేరుకుని, పసివాళ్ల తల పెద్దదైపోతుంది. సన్నటి ట్యూబు వేసి ఆ నీటిని పొట్టలోకి మళ్లిస్తారు. దాన్నే షంట్ అంటారు. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుందా అంటే కాదు. ట్యూబు మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కే. ఇంకో చిక్కు ఉంది. బిడ్డ లేచి నిలబడితే నీరు అవసరానికి మించి కిందికి జారిపోతుంది. దాన్ని అదుపు చేసే ఓ ప్రోగ్రామబుల్ యాంటీసైఫన్ షంట్‌ను కనిపెట్టిన వాళ్లలో కెనడీ కూడా ఒకరు.

2001లో రిటైరై ఫ్లోరిడాలోని పెన్సకోలా వెళ్లిపోయారు. చూస్తే ఆ ఊళ్లో పిల్లల న్యూరోసర్జన్ ఒక్కరూ లేరు! మళ్లీ పార్ట్‌టైమ్‌గా ఆపరేషన్లు మొదలుపెట్టారు. 2012 వరకు చేస్తూనే ఉన్నారు.